సీసాలక్క పట్టిన నీళ్లు

ఆవిడను ఊరంతా సీసాలక్క అనేవారు. అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో ఒక్కచోటే బతికి ఉండేది. పిల్లలకూ సీసాలక్కే, పెద్దలకూ సీసాలక్కే. కట్టుకున్న భర్తకు మాత్రం ఇది పెద్ద చిక్కై కూర్చుంది. పెళ్లాన్ని అక్కా అని పిలవలేడు. ఊరు మర్చిపోయిన పేరుతో పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని ఆవిడే పలికేది కాదు. దాంతో ఆయన ఇరవై ఏళ్లుగా "ఇదుగో" అన్న ఒక్క మాటతో సంసారం నెట్టుకొచ్చాడు.

పదిహేడో ఏట ఆవిడ ఒక సోడా ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లో తన తర్వాత ఇంకా నలుగురున్నారు. కడిగిన ప్రతి సీసానూ కిటికీ వెలుగుకు ఎత్తి చూడటం, మరక కనిపిస్తే మళ్లీ కడగడం, లేకపోతే బుట్టలో పెట్టడం. ఆరేళ్లు అదే పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక, మున్సిపాలిటీ వాళ్ల నీటి పరీక్షల ల్యాబ్‌లో గాజు సామాను కడగడానికి మనిషి కావాలని తెలిసి వెళ్లింది. అప్పటి కెమిస్టు మహా చాదస్తపు మనిషి. పది సీసాలిచ్చి కడగమన్నాడు. ఆవిడ కడిగి, అలవాటు ప్రకారం ఒక్కొక్కదాన్నీ కిటికీకి ఎత్తి చూసి బల్ల మీద వరసగా పెట్టింది.

"బాగానే కడిగావమ్మా. ఇందులో ఏమీ లేదని నీకెలా తెలుసు?" అన్నాడాయన.

"కనపడటం లేదు కదండీ."

"కనపడేది మురికి. ఇక్కడ మనం వెతికేది కనపడనిదాన్ని," అని, ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద డబ్బాలో పెట్టి సీసాలను ఉడికించడం నేర్పాడు. గాజును ఉడకబెట్టడం చూసి ఆవిడ నోరెళ్లబెట్టింది. ఇంటికెళ్లి చెబితే, "ఉప్పూ కారం కూడా వేశారా?" అని చెల్లెళ్లు పడీ పడీ నవ్వారు. కానీ ఆ పని మీద ఆవిడకు గురి కుదిరింది. పన్నెండేళ్ల తర్వాత, సముద్రం నీళ్లు పట్టుకొచ్చే ఉద్యోగి రిటైరైతే ఆ పని కూడా ఆవిడకే అప్పగించారు.

ఆ ఊరికి సముద్రమే అన్నం పెట్టేది. పొడవాటి తెల్లటి ఇసుక తీరం, దాని వెనక హోటళ్ల వరస, ఏడాదిలో ఎనిమిది నెలలు ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనం. ఊళ్లో సగం మంది గదులు ఊడ్చేవాళ్లు, పడవలు తిప్పేవాళ్లు, కొబ్బరి బొండాలు కొట్టేవాళ్లు. సీసాలక్క భర్తకు కూడా తీరం మీదే పని: గొడుగులూ పడక కుర్చీలూ అద్దెకిచ్చేవాడు. ముప్ఫై గొడుగులు, అరవై కుర్చీలు. వాటిని పొద్దున్నే పాతడం, సాయంత్రం పీకడం. ఊళ్లోవాళ్లు ఆయన్ని గొడుగులాయన అనేవారు.

ప్రతి మంగళవారం పొద్దున్న ఆరింటికి సీసాలక్క ఐస్ పెట్టె పట్టుకుని తీరానికి వెళ్లేది. మోకాళ్ల పైకి నీళ్లొచ్చేదాకా లోపలికి నడవాలి. కాళ్ల కింద రేగిన ఇసుక సద్దుమణిగేదాకా కదలకుండా నిలబడాలి. అల వచ్చే వైపు తిరిగి, మూత తీసి, సీసా మూతికి వేలు తగలకుండా బోర్లా ముంచి, లోపలే తిప్పి పైకెత్తాలి. బొటనవేలంత ఖాళీ వదిలి మూత బిగించాలి. ఎండ సోకకుండా ల్యాబ్‌కు చేర్చాలి. అక్కడ ఆ నీళ్లను పల్చటి కాగితంలో వడగట్టి, ఆ కాగితాన్ని చిన్న పళ్లెంలో పెట్టి, వెచ్చటి అలమారలో ఒక రోజు ఉంచుతారు. నీళ్లలో మలం నుంచి వచ్చే క్రిములుంటే, ఒక్కో క్రిమి పెరిగి ఒక్కో నీలం చుక్కవుతుంది. చుక్కలు లెక్కపెడితే నీళ్ల సంగతి తేలిపోతుంది. పట్టే చోట్లు మూడు. ఎప్పుడో ఎవరో పెద్దవాళ్లు ఖాయం చేసినవి. మూడు చోట్లా అలలు బాగా కొట్టే లోతు నీళ్లు. చుక్కలు ఎప్పుడూ హద్దులోనే ఉండేవి. తీరం మొదట్లో ఉన్న బోర్డు మీద ఆవిడే సుద్దముక్కతో 'స్నానానికి అనుకూలం' అని రాసేది. ఆ రాత ముత్యాల కోవలా ఉంటుందని ఇంజనీరు గారు కూడా ఒకసారి మెచ్చుకున్నారు.

ఒక మంగళవారం ఆవిడ బోర్డు రాస్తుంటే ఈల బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన తీరం మీద కాపలాదారు. ఇరవై ఏడేళ్లుగా మెడలో ఈల వేసుకుని, లోపలికి పోయేవాళ్లను వెనక్కి పిలుస్తూ, మునిగేవాళ్లను లాగుతూ బతికిన మనిషి. ఎడమ చెవిలో దూది పెట్టుకుని ఉన్నాడు.

"మళ్లీ చెవిలో చీము పట్టిందా బాబాయ్?" అంది సీసాలక్క.

"మూడోసారి. డాక్టరు నీళ్లలో దిగొద్దంటున్నాడు. నీ బోర్డేమో దిగమంటోంది," అన్నాడాయన. "నీ రాత బాగానే ఉందమ్మా. నా చెవే అబద్ధాలాడుతున్నట్టుంది."

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఎక్కడ దిగుతున్నావు నువ్వు?"

"ఇంకెక్కడ? కాలువ మొగ దగ్గర. పిల్లలంతా అక్కడే కదా."

కాలువ మొగ అంటే ఊళ్లోంచి వచ్చే వాన కాలువ సముద్రంలో కలిసే చోటు. ఇసుక మేట అడ్డుపడి అక్కడ నీళ్లు మడుగులా నిలిచేవి. అలలుండవు, లోతుండదు, నీళ్లు వెచ్చగా ఉంటాయి. చంటిపిల్లల తల్లులకు అంతకంటే ఏం కావాలి? సీసాలక్క మొగుడు కూడా అది చూసే తన గొడుగులన్నీ అక్కడ పాతాడు. ఆవిడ అటు చూసింది. నడుములోతు కూడా లేని నీళ్లలో పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు చల్లుకుంటున్నారు. ఒకడు నోటినిండా నీళ్లు తీసుకుని వాళ్ల అక్క మొహాన ఊశాడు. తను పదేళ్లుగా నీళ్లు పడుతున్న మూడు చోట్లలో ఒక్కటీ దానికి దగ్గరలో లేదు.

ఆ రోజే ఆవిడ నాలుగో సీసా పట్టింది.

ల్యాబ్‌లో కొత్తగా వచ్చిన కెమిస్టు పాతికేళ్లు దాటిన అమ్మాయి. ఏదైనా ముక్కుసూటిగా అడుగుతుంది. "నాలుగో పాయింటు ఎక్కడుందక్కా? ఫైల్లో మూడే ఉన్నాయి."

"ఫైల్లో లేదు మేడమ్. తీరంలో ఉంది."

అమ్మాయి సీసా అందుకుంది. మర్నాడు పొద్దున్న అలమార తెరిచేసరికి మూడు పళ్లెల్లో అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలున్నాయి. నాలుగో పళ్లెంలో చుక్కలు లేవు. పళ్లెమంతా నీలంగా అలికేసినట్టుంది. కెమిస్టమ్మాయి నోట్‌బుక్‌లో 'లెక్కకు అందనన్ని' అని రాసి, పెన్ను కింద పెట్టింది.

ఒక్కసారికే గోల చెయ్యడం సీసాలక్కకు నచ్చదు. వారం ఆగి మళ్లీ పట్టింది. వాన పడ్డాక పట్టింది, ఎండ కాసినప్పుడు పట్టింది, పోటులో పట్టింది, పాటులో పట్టింది. పళ్లెం ప్రతిసారీ నీలమే. అప్పుడు ఇంజనీరు గారి గదికి వెళ్లింది.

ఆయన చెడ్డవాడేం కాదు. ఊరి నీళ్లూ మురుగూ అన్నీ ఆయన నెత్తి మీదే ఉండటంతో, కొత్త కాగితం కనిపిస్తే చాలు భయపడేవాడు. "పాయింటు కాని చోట నీళ్లు పట్టమని మీకెవరు చెప్పారు?"

"చీము కారే చెవి చెప్పిందండీ."

"ఏమిటీ?"

ఆవిడ వివరంగా చెప్పింది. ఆయన విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "చూడండమ్మా, సీజన్ మధ్యలో ఉన్నాం. కొత్త పాయింటు పెట్టాలంటే అర్జీ పెట్టాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. అప్పటిదాకా మూడు పట్టుకు రండి, చాలు," అన్నాడు.

అర్జీ పెట్టమన్నాడు కాబట్టి పెట్టింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద ఉత్తరం రాయడం. కెమిస్టమ్మాయి రాసిపెడతానంటే వద్దంది. నాలుగు కాగితాలు చింపి, ఐదోది పట్టుకెళ్లి ఇచ్చింది. వారమైనా జవాబు లేదు. ఇక రోజూ పదకొండింటికి వెళ్లి ఇంజనీరు గారి గుమ్మం పక్కన నిలబడటం మొదలుపెట్టింది. మాట్లాడేది కాదు, విసిగించేది కాదు. ఆయన తలెత్తితే కనిపించేది, అంతే. మొదటి రోజు ఆయన "చూస్తున్నానమ్మా" అన్నాడు. నాలుగో రోజు "మళ్లీ వచ్చారా?" అన్నాడు. తొమ్మిదో రోజు బంట్రోతుతో కుర్చీ వేయించాడు. ఆవిడ కుర్చీలో కూర్చుంది గానీ రావడం మానలేదు.

ఈలోగా సంగతి గొడుగులాయన చెవిన పడింది. సాయంత్రం ఇంటికొచ్చి, భోజనానికి కూర్చోకుండా వరండాలో అటూ ఇటూ తిరిగాడు.

"ఇదుగో, కాలువ మొగ మీద ఏదో కాగితం పెట్టావట?"

"పెట్టాను."

"నా గొడుగులెక్కడున్నాయో తెలుసు కదా నీకు?"

"తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు. మీ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పిల్లలే ఆ నీళ్లు మింగుతున్నారు."

"ఎవరికైనా ఏమైనా అయిందా? ఎవడో ముసలాడి చెవి పట్టుకుని నా పొట్ట కొడతావా?"

లోపల మంచం మీంచి అత్తగారు అందుకుంది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్లు. కాళ్లు మొరాయించినా నోరు మాత్రం ఉక్కులా పనిచేసేది. "దాని మీద అరుస్తావేంరా? హోటలు వాడి మీద కేకలెయ్యి. ఊళ్లో కుళ్లంతా ఆ పెద్ద హోటలుదే!"

నిజానికి ఊరంతా అనుకునేది అదే. కాలువ పక్కన తొమ్మిదంతస్తుల హోటలుంది. దాని వెనక గోడలోంచి లావుపాటి గొట్టం బయటికి కనిపిస్తుంది. తిట్టడానికి అంతకంటే ఆనవాలు ఏం కావాలి? సీసాలక్క కూడా లోలోపల అలాగే అనుకుంది. కానీ అనుకోవడం వేరు, పట్టి చూడటం వేరు. ఆ ఆదివారం సెలవు పూట ఐస్ పెట్టె భుజాన వేసుకుని, మొగ దగ్గర్నుంచి కాలువ వెంట ఊళ్లోకి నడిచింది. కాలువ మీద ఐదు వంతెనలున్నాయి. ఒక్కో వంతెన కిందా తాడు కట్టిన చిన్న బకెట్టు దించి ఒక్కో సీసా నింపింది. హోటలు మొదటి వంతెనకూ రెండో వంతెనకూ మధ్య ఉంది. ఆవిడ లెక్క తేలిక: హోటలుదే తప్పయితే, దానికి దిగువన పట్టిన నీళ్లు పాడై, ఎగువన పట్టినవి బాగుండాలి.

కెమిస్టమ్మాయి ఆదివారమే వచ్చి పెట్టిన పళ్లేలను సోమవారం చూశారు. హోటలుకు దిగువన నీలం. హోటలుకు ఎగువన, రెండో వంతెన దగ్గర కూడా అంతే నీలం. మూడో వంతెనా నీలమే. నాలుగో వంతెన దగ్గర పది పన్నెండు చుక్కలకు మించి లేవు. ఐదోదీ అంతే.

"హోటలు కాదక్కా," అంది కెమిస్టమ్మాయి. "మూడుకీ నాలుగుకీ మధ్య ఎక్కడో కలుస్తోంది. అక్కడేముంది?"

సీసాలక్క పళ్లెం మీంచి కళ్లు తీయకుండా, "మా వీధి," అంది.

ఈసారి ఇంజనీరు గారు ఆవిడను కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. హోటలు కాదని తేలడంతో ఆయన ప్రాణం కొంత కుదుటపడింది. పైపుల్లో లీకులు పట్టుకోవడానికి వాడే పచ్చరంగు పొడి ఒక డబ్బాడు స్టోరు గదిలో ఉందని ఆయనే గుర్తుచేశాడు. దానివల్ల మనుషులకు హాని లేదు. ఒక ఇంటి మరుగుదొడ్డిలో ఆ పొడి కలిపిన నీళ్లు పోస్తే, అది వీధి చివర మురుగు గుంటలో తేలాలి. అలా కాకుండా వాన కాలువలో తేలితే, ఆ ఇంటి గొట్టం తప్పు చోట కలిసినట్టు. "ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే చూడండి," అన్నాడు.

వీధిలో ముప్ఫై ఒక్క ఇళ్లు. ముందు ఎవరి ఇంట్లో పోయాలన్న ప్రశ్నే రాలేదు. "మా ఇంట్లోనే మొదలుపెడదాం. మన దగ్గర తప్పు లేదని చూస్తే మిగతావాళ్లు తలుపు తీస్తారు," అంది సీసాలక్క. కెమిస్టమ్మాయి వీధిలోని వాన తూము కాలువలో పడే చోట నిలబడింది. డ్రైనేజీ మేస్త్రీ వీధి చివర మురుగు గుంట మూత ఎత్తాడు. సీసాలక్క తన ఇంట్లో పొడి కలిపిన బకెట్టు పోసి, దాని మీద ఇంకో మూడు బకెట్ల నీళ్లు పోసి, గుంట దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మేస్త్రీ వంగి చూస్తున్నాడు.

"వచ్చిందా?"

"ఏం రావడమమ్మా! ఇందులో నీళ్లే లేవు. ఎలకలు కాపురం చేస్తున్నాయి."

అప్పుడే ఫోను మోగింది. అవతల కెమిస్టమ్మాయి గొంతు తగ్గించి మాట్లాడింది. "అక్కా... ఇక్కడ పచ్చగా వస్తోంది."

సీసాలక్క పిట్టగోడ మీద కూలబడింది. ఇరవై ఏళ్లకు పైగా కడిగిన సీసాలాంటి మనసుతో పనిచేశాననుకున్న మనిషి. పిల్లలు మింగిన నీళ్లలో తన ఇంటివీ ఉన్నాయన్నమాట. తర్వాత లేచి నేరుగా తీరానికి నడిచింది. మొగుడు గొడుగు గుడ్డ కుట్టుకుంటున్నాడు.

"మన దొడ్డి గొట్టం ఎటు కలిసింది?" అంది.

ఆయన సూది ఆపాడు. మొహం చూడగానే తెలిసిపోయింది, ఆయనకు తెలుసని.

"పదకొండేళ్ల కింద మురుగు ఇంట్లోకి ఎగదన్నింది, గుర్తుందా?" అన్నాడు. "అమ్మ జ్వరంతో మంచం మీదుంది. మంచం కోళ్ల దాకా వచ్చింది. మున్సిపాలిటీకి ఎన్నిసార్లు చెప్పాం? నువ్వూ చెప్పావు, నేనూ చెప్పాను. ఎవడూ రాలేదు. మేస్త్రీని పెట్టి గొట్టం కోసి వాన తూములోకి కలిపేశాను. నన్ను చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు." ఆయన గొంతు పెంచలేదు. "మర్నాడు ఇల్లు కడుక్కుని, హమ్మయ్య పోయింది అన్నావు. ఎటు పోయిందని అడిగావా?"

ఆ మాట సూటిగా తగిలింది. అడగలేదు. సముద్రం నీళ్లను చుక్క చుక్కా పరీక్షించే మనిషి, సొంత ఇంట్లోంచి పోయేది ఎటు పోయిందని పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ వెనక్కి తిరిగింది. ల్యాబ్‌కు వెళ్లేలోపు ఏడుపు అయిపోయింది, చెయ్యాల్సింది ఏమిటో కూడా తేలిపోయింది.

రిపోర్టు కాగితం మీద మొదటి వరసలో తన ఇంటి నంబరు రాసింది. కెమిస్టమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వరస నంబర్ల ప్రకారం రాద్దాం అక్కా. మీది మధ్యలో ఎక్కడో కలిసిపోతుంది."

"మొదట పోసింది మా ఇంట్లో. మొదటి వరస మాదే," అంది సీసాలక్క.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది. ఒకరు తలుపు తీశారు, ఒకరు లోపలినుంచే ఎవరూ లేరన్నారు, రిటైరైన మాస్టారొకాయన "ఇది నా గృహంలోకి అక్రమ ప్రవేశం" అని పెద్ద భాషలో మాట్లాడాడు. మూడో రోజు అత్తగారు మంచం దిగింది. కర్ర పట్టుకుని, కోడలి వెనకాలే మాస్టారి గుమ్మం దాకా వచ్చి, వీధంతా వినేలా అందుకుంది. "ఏమయ్యా మాస్టారూ! మా ఇంటి గుట్టు నా కోడలే కాగితమ్మీద రాసింది. నీ దొడ్డిలో ఏమన్నా బంగారం దాచావా?" వీధి గొల్లుమంది. మాస్టారు తలుపు తీశాడు. ఆయన మనవరాలు బకెట్టు తనే పట్టుకొచ్చింది. వారం తిరిగేసరికి లెక్క తేలింది: ముప్ఫై ఒక్క ఇళ్లలో ఇరవై మూడు పచ్చ. మిగతా ఎనిమిదింటికీ పెరట్లో సొంత గుంటలున్నాయి.

అసలు జబ్బు మాత్రం రోడ్డు కింద ఉంది. వీధి మొదట్లో పెద్ద మురుగు గొట్టం ఎప్పుడో కుంగిపోయింది. అందుకే గుంట ఎండిపోయి ఉంది. రిపోర్టు చూసి ఇంజనీరు గారి మొహంలో రంగులు మారాయి. "పదకొండేళ్లు మనమే పట్టించుకోలేదని మనమే రాసుకుంటామా?"

"మా ఇంటి నంబరు నేను రాసుకున్నాను కదండీ," అంది సీసాలక్క.

ఆయన ఆ మొదటి వరస మళ్లీ చదివాడు. సంతకం పెట్టాడు. కానీ తవ్వకం సీజన్ అయ్యాకే అన్నాడు. కాలువ మొగ దగ్గర బోర్డు పెట్టడానికి అసలు ఒప్పుకోలేదు. "నాకు ఆ అధికారం లేదమ్మా," అన్నాడు. అది నిజమో కాదో ఆవిడకు తెలియదు. ఇంకెవరికి ఉందో కనుక్కోవడానికి తీరానికి వెళ్లింది.

ఈల బాబాయి తన కర్ర గూడు మెట్ల మీద కూర్చుని, కాపలాదారుల నిబంధనల పుస్తకం తీశాడు. చెమటకు అట్టలు ఉబ్బిపోయిన పుస్తకం. వేలితో వరస వరసా వెతుక్కుంటూ చదివాడు. "ప్రాణానికి గానీ ఆరోగ్యానికి గానీ ముప్పు అని తోచినచోట కాపలాదారు ఎర్రజెండా పాతవచ్చు." తలెత్తాడు. "అలలకే అని రాసి లేదే ఇందులో! ఇన్నేళ్లూ అలలకే పాతాను."

"నీకు తోచిందా బాబాయ్?"

"నా చెవికి ఎప్పుడో తోచింది," అని లేచాడు.

ఆ మధ్యాహ్నం కాలువ మొగకు రెండు వైపులా ఎర్రజెండాలు లేచాయి. మధ్యలో తాడు. తాడుకు కెమిస్టమ్మాయి సంతకంతో రిపోర్టు నకలు, ప్లాస్టిక్ కవర్లో. సాయంత్రానికి హోటళ్లవాళ్లు, పడవలవాళ్లు, దుకాణాలవాళ్లు గుమిగూడారు. "ఊరి పరువు తీస్తున్నారు" అని ఒకరు, "సీజన్ నాశనం" అని ఒకరు అరిచారు. పెద్ద హోటలు మేనేజరు మాత్రం రిపోర్టు రెండుసార్లు చదివి, "ఏమండీ, మా హోటలుది తప్పు కాదని కూడా కొంచెం పెద్ద అక్షరాల్లో రాయిస్తారా?" అన్నాడు. సీసాలక్క రాయించింది. నిజం కాబట్టి.

గొడుగులాయన రెండు రోజులు మాట్లాడలేదు. "ఇదుగో" కూడా లేదు. ఆవిడ వడ్డించిన అన్నం తిన్నాడు, పొద్దున్నే పోయాడు. మూడో రోజు మంగళవారం. ఆవిడ సీసాలతో తీరానికి వెళ్లేసరికి, ఆయన కాలువ మొగ దగ్గర పాతిన గొడుగులు ఒక్కొక్కటే పీకి, అలలు కొట్టే వైపు మోసుకెళ్తున్నాడు. ఎవరో తండ్రి పిల్లవాణ్ని ఎత్తుకుని తాడు దాటబోతున్నాడు.

"అక్కడ దిగకండి," అని కేకేశాడు గొడుగులాయన.

"ఎందుకండీ? నీళ్లు బాగానే ఉన్నాయి కదా."

"మా ఇంటి దొడ్డి నీళ్లు అవి. నాకు తెలుసు," అన్నాడాయన, గొడుగు భుజానికెత్తుకుంటూ.

ఆ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. సీసాలక్క పెట్టె ఇసుకలో పెట్టి, గొడుగు రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎనిమిదింటిదాకా మోశారు.

ఆ ఏడాది గొడుగుల పని సగానికి పడిపోయింది. ఇంట్లో చాలావాటికి సర్దుకోవాల్సి వచ్చింది. జెండాలు దించమని పైనుంచి రెండుసార్లు ఒత్తిడి వచ్చింది. ఈల బాబాయి నిబంధనల పుస్తకం చూపించాడు, సీసాలక్క కొత్త పళ్లేలు చూపించింది. ఎర్రజెండాల ఫొటోలు ఊరూరా పాకేసరికి, సీజన్ అయ్యేదాకా ఆగుదామన్నవాళ్లే తొందరపడ్డారు. నెల తిరక్కుండా వీధి తవ్వడం మొదలైంది. కుంగిన గొట్టం నిండా ఇసుక గడ్డకట్టి ఉంది. నలభై రోజులు జనం పలకల మీద నడిచారు, ముక్కులు మూసుకున్నారు, సీసాలక్కను తిట్టుకున్నారు. కొత్త గొట్టం పడ్డాక ఇరవై మూడు ఇళ్లనూ మళ్లీ దానికి కలిపారు. తన ఇంటి పాత అతుకును గొడుగులాయన స్వయంగా గునపంతో పగలగొట్టాడు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని, "ఇటు కొట్టు, అటు కొట్టు" అని దారి చూపించింది.

తర్వాతి ఏడాది కాలువ మొగ నాలుగో పాయింటుగా ఫైల్లోకి ఎక్కింది. ఎండ రోజుల్లో చుక్కలు హద్దులోకి వచ్చాయి. గట్టి వాన పడితే మాత్రం రెండు మూడు రోజులు హద్దు దాటుతాయి. అప్పుడు ఎర్రజెండా లేస్తుంది. ఎవరూ గొడవపడటం లేదు. ఈల బాబాయి చీము ఆరింది గానీ, ఎడమ చెవి వినికిడి తిరిగి రాలేదు. కుడివైపు నిలబడి మాట్లాడమంటాడు.

వాన పడ్డప్పుడు ఆ చుక్కలు ఎక్కడివన్నది ఇంకా తేలలేదు. ఐదో వంతెనకు అవతల ఊరు కొత్తగా పెరుగుతోంది. రిటైర్మెంటుకు ఇంకా చాలా ఏళ్లున్నాయి కదా, తొందరేముంది, ప్రస్తుతానికి చాలు అని కెమిస్టమ్మాయి కూడా అంది. ఆ ఆదివారం సీసాలక్క ఐస్ పెట్టె తీస్తుంటే, గొడుగులాయన చెప్పులేసుకుని వచ్చి, "ఇదుగో, తాడూ బకెట్టూ నేను పట్టుకుంటాను," అన్నాడు. ఇద్దరూ ఐదో వంతెన దాటి, కొత్త ఇళ్ల వరసలో మొదటి తలుపు తట్టారు.